మాజీ సైనికుల పిల్లల చదువు సాయాలు: విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో సైన్యంలో చేసిన మనిషి లేని వీధి చాలా తక్కువ. పదిహేనేళ్లు ఓడల మీద తిరిగి బయటికొచ్చిన సెయిలర్లు మల్కాపురం, గాజువాక, మర్రిపాలెం, గోపాలపట్నంలో ఇళ్లు కట్టుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఆర్మీకి వెళ్లినవాళ్లు పిల్లల కాలేజీల కోసం ఇక్కడికే వచ్చి చేరారు. మాదీ నేవీ ఇల్లే. చుట్టుపక్కల వాళ్లకు ఫారాలు నింపడంలో సాయం చేస్తూ వస్తున్నాను. ప్రతి జూన్‌లో అవే సందేహాలు, అదే టెన్షన్. అర్హత లేక ఆగిపోయినవాళ్లను నేను చూసింది తక్కువ. పేరు తప్పుపడి, తేదీ దాటిపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. అందుకే ఇవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

మా ఆయన రిటైరయ్యారు. పిల్లల చదువుకి అసలు ఏమేం వస్తాయి, ఎవరిని అడగాలి?

సాయం మూడు వైపుల నుంచి వస్తుంది. డబ్బు రూపంలో వచ్చేది ఎక్కువగా ఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు నుంచి: బడి పిల్లలకు ఎడ్యుకేషన్ గ్రాంట్, వృత్తి కోర్సుల వాళ్లకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. సీటు రూపంలో వచ్చేది రాష్ట్రం నుంచి: ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో సైనికుల పిల్లల కోసం ఉండే క్యాప్ కోటా. ఇవి కాక ఆయన పనిచేసిన దళానికి సొంత సంక్షేమ నిధులుంటాయి. నేవీ కుటుంబాలకు ఇండియన్ నేవల్ బెనివొలెంట్ అసోసియేషన్ స్కాలర్‌షిప్పులు అలాంటివే. ఏది కావాలన్నా మొదట వెళ్లాల్సింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి. అసలు కాగితాలు చూసి సంతకం పెట్టేది అక్కడి అధికారే. మధ్యలో ఎవరికీ డబ్బులివ్వాల్సిన పని లేదు.

మా నాన్నగారు సీఆర్‌పీఎఫ్‌లో చేశారు. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?

కేంద్రీయ సైనిక్ బోర్డు పథకాలు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మాజీ సైనికుల కుటుంబాలకు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో కోస్ట్‌గార్డ్ వాళ్లనూ కలిపారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి బలగాల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పేరుతోనే హోంశాఖ కింద వేరే పథకం ఉంది. దానికి దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. పేరు ఒకటే కావడంతో చాలామంది ఒకదానికి వెళ్లాల్సింది ఇంకోదానికి వెళ్లి, గడువు దాటాక తెలుసుకుంటున్నారు. నాలుగేళ్లకే బయటికొచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుల హోదా లేదు.

ఆయన రిటైరై ఇంటికొచ్చి నాలుగేళ్లయింది, మాజీ సైనికుల ఐడీ కార్డు తీసుకోలేదు. ఇప్పుడు వెళ్తే ఇస్తారా?

ఇస్తారు. ఆలస్యమైందని మొహమాటపడి ఆగిపోకండి. డిశ్చార్జ్ బుక్ (సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే పుస్తకం), పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ఆధార్, ఫొటోలు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు, ఆ కార్డు లేకుండా పిల్లల పథకాలేవీ ముందుకు కదలవు. డిశ్చార్జ్ బుక్ అసలుది ఎవరి చేతికీ ఇచ్చి రాకండి. వాళ్లు చూసి తిరిగివ్వాలి, మీరు దాన్ని బ్యాగులో పెట్టుకునే ఇంటికి రావాలి.

మా పాప పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఒకలా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా ఉంది. ఏం చేయాలి?

ఈ ఒక్క ప్రశ్న మిగతా అన్నిటికంటే ఎక్కువసార్లు వస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

బిడ్డ పుట్టినప్పుడు ఆయన ఎక్కడో ఓడ మీదో, సరిహద్దు దగ్గరో ఉంటారు. ఇంటి నుంచి వచ్చిన కబురు చూసి యూనిట్‌లో పేరు రాయిస్తారు. అప్పటికి నామకరణం కూడా అయి ఉండదు. ఒకరి పుస్తకంలో కూతురి పేరు ఉండాల్సిన గడిలో నీలి సిరాతో 'బేబీ' అని మాత్రమే ఉంది. ఆ పాప అప్పటికి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంకొకరి ఇంట్లో ముద్దుపేరే రికార్డుకెక్కింది.

ఇంకో చిక్కు మన ఇంటిపేర్లతో. సైన్యం కాగితాల్లో తండ్రి పేరు 'అప్పలరాజు ఎస్' అని ఉంటుంది, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుకొస్తుంది, ఆధార్‌లో మరోలా ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకే మనిషి. పోర్టల్ కళ్లకు ముగ్గురూ వేరు.

మొదట మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ముందూ వెనకా అయిందా, పుట్టినతేదీ తేడా ఉందా, అసలు పేరే లేదా రాసుకోండి. దాన్ని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించి, నోటరీ అఫిడవిట్‌తో సరిపోతుందా, రికార్డు ఆఫీసుకు రాయాలా అని అడగండి. రాయాల్సి వస్తే జనన ధ్రువపత్రం, టెన్త్ సర్టిఫికెట్ నకలు, అఫిడవిట్ జత చేసి పంపాలి. నేవీ సెయిలర్ల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని కమడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర ఉంటాయి. ఎయిర్‌మెన్‌వి ఢిల్లీ సుబ్రతో పార్క్‌లో ఉంటాయి. ఆర్మీలో మాత్రం రెజిమెంటును బట్టి, కోర్‌ను బట్టి రికార్డు ఆఫీసు మారుతుంది: ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్) వాళ్లది సికింద్రాబాద్, ఆర్టిలరీ వాళ్లది నాసిక్, మద్రాస్ రెజిమెంట్ వాళ్లది వెల్లింగ్టన్.

పిల్లలు ఏడో తరగతిలో ఉండగానే ఈ పని పూర్తి చేయించుకోండి. ఆయన ఆరోగ్యంగా ఉండి, తన సంతకం తాను పెట్టగలిగినప్పుడు ఇది కొన్ని ఉత్తరాలతో అయ్యే పని. ఆయన లేకపోయాక అదే పని ఆవిడ ఒక్కతే చేసుకోవాలి.

## బడి దశ

మా పిల్లలు ఐదు, ఎనిమిది తరగతులు. వీళ్లకి నెలనెలా డబ్బు వస్తుందా?

హవల్దార్, అంతకంటే కింది ర్యాంకులో రిటైరైనవాళ్ల పిల్లలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఎడ్యుకేషన్ గ్రాంట్ ఇస్తుంది. ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు, ఇద్దరు పిల్లలకు. చాలా ఏళ్లు ఒక్కొక్కరికి నెలకు 1,000 రూపాయలు ఉండేది. 2025 నవంబర్ 1 నుంచి వచ్చిన దరఖాస్తులకు దాన్ని 2,000 చేశారు. అంటే ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 48,000. పెన్షన్ వచ్చేవాళ్లూ, రానివాళ్లూ పెట్టుకోవచ్చు.

నెలనెలా ఖాతాలో పడుతుందనుకోకండి. పిల్లవాడు ఒక తరగతి పాసయ్యాక, ఆ ఏడాదికి లెక్కగట్టి మొత్తం ఒకేసారి ఇస్తారు. కాబట్టి మార్కుల మెమో లేకుండా దరఖాస్తు లేదు, ఫెయిలైన ఏడాదికి గ్రాంట్ లేదు. అదే చదువుకు రాష్ట్రం నుంచో, ఆయన ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం నుంచో విద్యా భత్యం తీసుకుంటూ ఉండకూడదు. బ్యాంకులోనో, స్టీల్ ప్లాంట్‌లోనో రెండో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఈ షరతు చూసుకుని సంతకం పెట్టండి.

మా ఆయన నేవీలో పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. 'ఆఫీసర్' అని ఉంది కాబట్టి ఎడ్యుకేషన్ గ్రాంట్ రాదంటున్నారు, నిజమేనా?

నిజం కాదు. పెట్టీ ఆఫీసర్ అంటే ఆర్మీలో హవల్దార్‌కు, ఎయిర్‌ఫోర్స్‌లో సార్జెంట్‌కు సమానమైన ర్యాంకు. ఎడ్యుకేషన్ గ్రాంట్‌కు మీరు అర్హులే. చీఫ్ పెట్టీ ఆఫీసర్ మాత్రం నాయబ్ సుబేదార్‌తో సమానం, ఆ ర్యాంకు నుంచి ఈ గ్రాంట్ వర్తించదు. ఆ ఒక్క మాట చూసి ఎవరో రాదన్నారని ఏళ్ల తరబడి అడగకుండా ఊరుకున్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. ర్యాంకు గురించి పక్కింటివాళ్ల మాట కాదు, డిశ్చార్జ్ బుక్‌లో ఉన్నది చూడండి.

కేంద్రీయ విద్యాలయంలో మా బాబుకి సీటు గ్యారంటీగా వస్తుందా?

గ్యారంటీ లేదు, ప్రాధాన్యం ఉంది. కేంద్రీయ విద్యాలయాల అడ్మిషన్లలో మాజీ సైనికుల పిల్లలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలతో కలిసి మొదటి కేటగిరీలోకే వస్తారు. ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండి ఉండాలి, ఎంపిక ఆన్‌లైన్ లాటరీతో. విశాఖలో ఇలాంటి కుటుంబాలు చాలా ఎక్కువ కాబట్టి మొదటి కేటగిరీలోనూ పోటీ గట్టిగానే ఉంటుంది. నౌసేనాబాగ్, మల్కాపురం, భీమిలి దారిలోని ఐఎన్‌ఎస్ కళింగ ఇలా నగరంలో ఒకటికి మించి కేంద్రీయ విద్యాలయాలున్నాయి. ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకుండా అప్లికేషన్‌లో మిగతావీ ఎంచుకోండి.

కోరుకొండ సైనిక్ స్కూల్‌లో మాజీ సైనికుల పిల్లలకి కోటా ఉందా? కోచింగ్ లేకుండా రాయొచ్చా?

ఉంది. సైనిక్ స్కూళ్లలో కొన్ని సీట్లు సర్వీసులో ఉన్నవాళ్ల, మాజీ సైనికుల పిల్లలకు కేటాయిస్తారు. విజయనగరం పక్కనున్న కోరుకొండ స్కూల్ 1962 నుంచి నడుస్తోంది. రాష్ట్రంలో రెండోది కలికిరిలో ఉంది. ఇప్పుడు ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది, ఆ సంగతి తెలియక పాపతో రాయించనివాళ్లు ఇంకా కనిపిస్తున్నారు.

ఆరో తరగతికి మార్చి 31 నాటికి 10 నుంచి 12 ఏళ్ల మధ్య, తొమ్మిదో తరగతికి 13 నుంచి 15 ఏళ్ల మధ్య వయసుండాలి. ఆరో తరగతి పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు, తొమ్మిదోది ఇంగ్లిష్‌లోనే. ఆరో తరగతి పేపర్ 300 మార్కులకైతే అందులో 150 లెక్కలవే. లెక్కలు బాగా చేసే పిల్లవాడికి ఇంట్లో రోజూ కూర్చోబెట్టి పాత పేపర్లు చేయించినా సరిపోతుందని నా అభిప్రాయం. వేలకు వేలు పోసి పదేళ్ల బిడ్డను హాస్టల్ కోచింగ్‌లో పెట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి.

## ఇంటర్ తర్వాత: సీటు

క్యాప్ కోటా అంటే ఏంటి? ఈఏపీసెట్ ర్యాంకు బాగా రాకపోయినా సీటొస్తుందా?

సైనికుల పిల్లల కోసం కేటాయించిన కోటాను క్యాప్ అంటారు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ అడ్మిషన్లలో ఇది 2 శాతం. ర్యాంకు లేకుండా రాదు. కానీ క్యాప్ అభ్యర్థులకు తమలో తమకే పోటీ కాబట్టి, ఓపెన్‌లో దొరకని కాలేజీ, దొరకని బ్రాంచి ఇందులో దొరికే అవకాశం ఉంటుంది. యుద్ధంలో ప్రాణాలిచ్చినవాళ్ల పిల్లలకు మొదటి స్థానం, తర్వాత యుద్ధంలో వికలాంగులైనవాళ్ల పిల్లలకు. మామూలుగా రిటైరైనవాళ్ల పిల్లలు ఆ వరుసలో వెనక ఉంటారు. అది న్యాయమే.

అప్లికేషన్ నింపేటప్పుడే క్యాప్ గడిలో అవునని పెట్టాలి. జిల్లా సైనిక సంక్షేమ అధికారి ఇచ్చిన సర్టిఫికెట్, డిశ్చార్జ్ బుక్, ఐడీ కార్డు అసలువి చూపించాలి. ఈ ప్రత్యేక కేటగిరీల పరిశీలన ఊరూరా ఉండే హెల్ప్‌లైన్ సెంటర్లలో కాకుండా విజయవాడలో, ర్యాంకుల వారీగా తేదీలిచ్చి చేస్తూ వచ్చారు. మీ ర్యాంకుకు ఏ రోజో, ఎక్కడో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకుని రైలు టికెట్ ముందే తీసుకోండి. ఆ రోజు తప్పితే పిల్లవాడు మామూలు అభ్యర్థిగానే మిగిలిపోతాడు.

బదిలీల వల్ల మా వాడు కొచ్చిలో, ముంబైలో చదివాడు. ఇక్కడ నాన్‌లోకల్ అంటున్నారు. మా సొంతూరు ఆనందపురం!

మీ బాధ అర్థమవుతుంది. దేశం కోసం ఊరూరా తిరిగినందుకు సొంత ఊళ్లో బయటివాళ్లయినట్టు అనిపిస్తుంది. నిబంధన ఇలా ఉంటుంది: రాష్ట్రంలో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకు. ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. బయట చదివిన సైనికుల పిల్లలు చాలామంది ఈ లెక్కలో పడరు. అలాంటివాళ్లకు మిగిలిన 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్ల దారి ఉంది. ఉద్యోగం కోసం బయట ఉన్న కాలాన్ని వదిలేసి, తల్లి గానీ తండ్రి గానీ మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివాసమున్నట్టు తహశీల్దార్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

పిల్లలు ఇంకా చిన్నవాళ్లయితే ఒక మాట. బాబు ఎనిమిది దాటి తొమ్మిదిలోకి వచ్చే ఏడాది ఎక్కడ ఉండాలన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఇక్కడే చదివితే నాలుగేళ్లు సరిగ్గా సరిపోతాయి.

ఐఐటీల్లో కూడా సైనికుల కోటా ఉందా?

రిటైరైన ప్రతి ఒక్కరి పిల్లలకూ లేదు. యుద్ధంలో మరణించిన లేదా శాశ్వతంగా వికలాంగులైన రక్షణ, పారామిలటరీ సిబ్బంది పిల్లలకు ప్రతి ఐఐటీలో రెండు సీట్లు ప్రాధాన్యంగా ఉంటాయి.

## కాలేజీలో చేరాక: స్కాలర్‌షిప్

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఎంతొస్తుంది, ఎవరికొస్తుంది?

ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. ఏడాది మొత్తం ఒకేసారి పిల్లల ఖాతాలో పడుతుంది, అంటే 36,000 లేదా 30,000. కోర్సు ఎన్నేళ్లయితే అన్నేళ్లు, ఐదేళ్లకు మించకుండా. దేశం మొత్తానికి ఏటా 5,500 మంది, అందులో సగం ఆడపిల్లలు. 2006-07లో మొదలైన పథకం ఇది.

ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, బీఈడీ, ఎంబీఏ, ఎంసీఏ లాంటి వృత్తి కోర్సులకే. మామూలు బీఏ, బీకాం, బీఎస్సీకి రాదు, దూరవిద్యకు, విదేశీ చదువుకు రాదు. కోర్సుకు కావలసిన కనీస అర్హతలో, అంటే ఇంటర్‌లోనో డిప్లొమాలోనో డిగ్రీలోనో, 60 శాతం తగ్గకూడదు. 60 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఎంపిక కేటగిరీలోపల మార్కుల వరుసలో జరుగుతుంది. మామూలుగా రిటైరైనవాళ్ల పిల్లలు చివరి కేటగిరీలో వస్తారు, అందులో ఆఫీసర్ ర్యాంకు కంటే కిందివాళ్ల పిల్లలకే అవకాశం.

మా పాప బీటెక్ రెండో సంవత్సరం. ఇప్పుడు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కి పెట్టొచ్చా?

పెట్టలేరు. ఈ మాట చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. కొత్త దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే పెట్టాలి. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. మీ ఇంట్లోనో, మీ వాళ్లలోనో ఇంటర్ పిల్లలుంటే ఈ ఒక్క సంగతి ఈ రోజే వాళ్ల చెవిన వేయండి.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ దరఖాస్తుకి కాలేజీ వాళ్లు సంతకం పెట్టడం లేదు. ఏం చేయాలి?

దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లోనే. దానికి మూడు ముఖ్యమైన పత్రాలు జతచేయాలి: జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం చేసిన మాజీ సైనికుల ధ్రువపత్రం, అక్కడ చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే బోనఫైడ్, బ్యాంకు ఇచ్చే పత్రం. బోనఫైడ్ బోర్డు ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. కాలేజీ సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చేది పనికిరాదు, చాలా ఆఫీసుల్లో పేచీ ఇక్కడే వస్తుంది. ఒక కాలేజీ కౌంటర్ దగ్గర ఆ నమూనా చూసి 'మా ఫార్మాట్ ఇది కాదు' అని మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి ఆ అమ్మాయి పథకం నిబంధనల కాగితం ప్రింటు తీసుకుని, సంతకం ఎవరు చేయాలో ఉన్న వాక్యం కింద గీత గీసి నేరుగా ప్రిన్సిపాల్‌కు చూపించింది. అయిదు నిమిషాల్లో సంతకం, గుండ్రటి ముద్ర రెండూ పడ్డాయి. ముద్ర సంతకం మీద పడి అక్షరాలు మాయకుండా చూసుకోండి, స్కాన్ చేస్తే చదవలేరు.

ఆన్‌లైన్‌లో పెట్టిన స్కాలర్‌షిప్ దరఖాస్తు వెనక్కి వచ్చింది. తిరస్కరించినట్టేనా?

కాదు. పరిశీలనలో ఏదో లోపం కనిపించి, సరిచేయమని పంపారు. లాగిన్ అయి చూస్తే కారణం రాసి ఉంటుంది: స్కాన్ మసక, మార్కుల మెమో ఒక పేజీయే పెట్టడం, నకలు స్కాన్ చేయడం, ఇలాంటివే ఎక్కువ. సరిచేసి గడువులోపు మళ్లీ పంపాలి. ఫోన్‌కు వచ్చే మెసేజ్ మీదే ఆధారపడకండి, వారానికోసారి తెరిచి చూడండి.

స్కాలర్‌షిప్ మంజూరైంది, డబ్బు పడలేదు. మళ్లీ ప్రతి ఏడాదీ అప్లై చేయాలా?

ఖాతా విద్యార్థి పేరున ఉండాలి, ఆధార్‌తో లింకు అయి ఉండాలి. మంజూరై కూడా డబ్బు పడకపోవడానికి మొదట చూడాల్సింది ఇదే. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు ప్రతి ఏడాదీ రెన్యువల్ పెట్టాలి. అందుకు గడిచిన ఏడాది పరీక్షలు పాసై 50 శాతం మార్కులు రావాలి. బ్యాక్‌లాగులున్న పిల్లలు ఇంట్లో చెప్పడానికి భయపడి రెన్యువల్ తేదీ దాటించేస్తారు. కోప్పడకుండా అడిగి తెలుసుకోండి.

## ఇంటిపెద్ద లేని ఇళ్లకు

ఆయన ఆపరేషన్‌లో చనిపోయారు. పిల్లల ఫీజులు ఎవరు కడతారు?

యుద్ధంలో, సైనిక చర్యలో మరణించినవాళ్ల, ఆచూకీ లేకుండా పోయినవాళ్ల, వికలాంగులైనవాళ్ల పిల్లలకు రక్షణశాఖ విద్యా రాయితీ ఉంది. 1971 యుద్ధం తర్వాత మొదలైంది. ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు, పుస్తకాలు, యూనిఫాం ఇందులోకి వస్తాయి. ఫీజు, హాస్టల్ కలిపి నెలకు 10,000 దాటకూడదని 2017లో పరిమితి పెట్టారు, దాన్ని 2018 మార్చిలో ఎత్తేశారు. ప్రభుత్వ, ఎయిడెడ్, సైనిక్ స్కూళ్లకూ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న మిగతా విద్యాసంస్థలకూ వర్తిస్తుంది. రసీదులు ఒక్కటి కూడా పారేయకండి.

నేను సైనికుడి భార్యని, ఆయన పోయారు. నేనే చదువుకోవాలనుకుంటున్నాను. నాకేమైనా ఉందా?

ఉంది, తప్పకుండా చదవండి. హవల్దార్, అంతకంటే కింది ర్యాంకులో చేసి చనిపోయినవాళ్ల భార్యలు రెండేళ్ల పీజీ చేస్తే ఎడ్యుకేషన్ గ్రాంట్ వాళ్లకే ఇస్తారు, పిల్లలతో సమానంగా నెలకు 2,000. వృత్తి కోర్సులో చేరితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కూ అర్హులు.

ఆయన కాగితాలేవీ దొరకడం లేదు. సర్వీసు నంబరు కూడా గుర్తులేదు. ఇక దారి లేదా?

దారి ఉంది. నంబరు ఒక్కటి దొరికితే రికార్డు ఆఫీసు నుంచి మిగతావి రాబట్టుకోవచ్చు. బ్యాంకులో పెన్షన్ ఖాతా కాగితాలు అడగండి, స్పర్శ్ (రక్షణశాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) నుంచి వచ్చిన పెన్షన్ ఆర్డర్ ఎవరి ఈమెయిల్‌లోనైనా ఉందేమో వెతకండి, పాత క్యాంటీన్ కార్డు, ఉత్తరాల కవర్లు చూడండి.

పెందుర్తి వైపు ఒక ఇంట్లో రెండు రోజులు వెతికాం. ఏమీ లేదు. చివరికి ఆవిడ మంచం కింద నుంచి బియ్యం పోసుకునే నల్ల ట్రంకు పెట్టె బయటికి లాగారు. దాన్ని ఆయన సర్వీసు నుంచి తెచ్చుకున్నారు. తడిగుడ్డతో మూత తుడిస్తే తెల్ల పెయింట్‌తో ర్యాంకు, పేరు, కింద నంబరు. చివరి అంకె సగం చెరిగిపోయింది, అది మూడో ఎనిమిదో తెలియలేదు. రెండు నంబర్లూ రాసి ఉత్తరం పంపాం. జవాబు వచ్చింది, ఎనిమిదే.